తమ్ముడి పేరుకు ఒక లైను

మదనపల్లె, 12-8-2004

అప్పా, నేను బాగున్నాను, దిగులు పడొద్దు.

నిన్న ల్యాబులో సారు ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టారు. ఇంట్లోవాళ్ళ పేరు కొడితే, వాళ్ళు మనకేమవుతారో కంప్యూటరు చెప్పాలి. పేరుకొక లైను రాయాలి. మనం కొట్టిన పేరును కంప్యూటరు పైనుంచి ఒక్కో లైనుతో పోల్చుకుంటూ వచ్చి, సరిపోయినచోట జవాబిస్తుంది. ఏదీ సరిపోకపోతే చివరి లైను చదువుతుంది: ‘తెలియని మనిషి’.

నీకు, అమ్మకు, అవ్వకు లైన్లు రాశాను. తమ్ముడు పోయాక, వాడి దివసాల రోజు నువ్వు, “ఇంక వాని పేరు ఈ ఇంట్లో ఎవురూ ఎత్తొద్దు, మీ అమ్మ తట్టుకోలేదు” అన్నావు కదా, అందుకని వాడికి రాయలేదు. కానీ చెయ్యి ఊరుకోక వాడి పేరు కొట్టాను. ‘తెలియని మనిషి’ అని వచ్చింది. అక్కడే ఏడ్చేశాను. పక్కనున్న హీనా, “ఎవురే ఆ అబ్బి?” అంది. “మా తమ్ముడు” అన్నాను. వాడికీ ఒక లైను రాసి, అందరికంటే పైన పెట్టాను.

ఎవరైనా ఇటు వస్తుంటే రాగిపిండి పంపించు. బోరులో నీళ్ళు వస్తున్నాయా? అమ్మ వాడి పేరు పలికితే కసురుకోవద్దప్పా. నువ్వూ ఒకసారి పలుకు. అవ్వకు నా దండాలు.

నీ కూతురు,
చెంగల్రాయుడి అక్క,
పావని