యెహోషువ వదిలిన రంపం ముక్క

జూన్ 13

చెరువు చేప కోస్తుంటే కత్తి విరిగింది. పదేళ్లు అరగదీసిన కత్తి, విరక్కేం చేస్తుంది! ఎల్లుండి సముద్రంలో వేట నిషేధం ఎత్తేస్తారు. చేపలు కోసే కత్తి లేకుండా అల్లూరు మార్కెట్‌లో ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి కాబోలు.

బజారు కత్తులు నాకు పనికిరావు. వంజరం ముల్లు తగిలితే అంచు మడతపడుతుంది. నా కత్తి మా ఆయన యెహోషువ చేసింది, కావలి సామిల్లులో పారేసిన రంపం ముక్కతో. ఇంకో మూరెడు ముక్క ట్రంకు పెట్టెలో ఉంది. మనిషి పోయి తొమ్మిది నెలలు.

జూన్ 14, ఉదయం

ఆ ముక్కని ఇనుము కోసే ఆక్సా బ్లేడుతో కోద్దామని కూర్చున్నాను. గంటకి ఒక గీత పడింది, బ్లేడు పళ్లన్నీ పోయాయి. మొండిఘటం!

సాయంత్రం

వెల్డింగ్ షాపు పెంచలకృష్ణని సగం ముక్క కోసిమ్మన్నాను. గ్యాస్ పెట్టొద్దు, ఎర్రగా కాలితే ఉక్కు చచ్చిపోతుందని మా ఆయన అనేవాడని చెప్పాను. రెండు నిమిషాల పనక్కా, టీ తాగిరా పో అన్నాడు. వచ్చేసరికి ముక్క ఎర్రగా మండుతోంది. ఆడదాని మాట చెవిన పెడితే వీళ్ల సొమ్మేం పోతుంది?

జూన్ 16

పడవలొచ్చాయి. పెంచలకృష్ణ కోసిన ముక్కతో చేయించిన కొత్త కత్తి మొదటి వంజరం తలకే వంగింది. ముగ్గురు గిరాకీలు లేచి పక్కన చేపలు కోసే సామ్రాజ్యం దగ్గరికి పోయారు. పెంచలకృష్ణని అడిగితే, లోపం కత్తిలో లేదక్కా, నీ చేతిలో ఉండాది అన్నాడు. ఇరవై ఏళ్లుగా కోస్తున్న చేతిలోనా! ఆ కత్తి వాడి షాపు ముందే విసిరికొట్టి వచ్చాను.

అసలు కోపం వాడి మీద కాదు. యెహోషువ మీద. ఎన్నిసార్లు నేర్పమని అడిగాను! గ్రైండర్ ముట్టనిచ్చాడా? నీకెందుకు మే, నేనుండా గదా అనేవాడు. బకెట్‌తో నీళ్లు తెచ్చి పెట్టడం వరకే నా పని. గ్లౌజులు వేసుకోమని పోట్లాడితే నవ్వేవాడు. వట్టి వేళ్లతో ఉక్కు తాకి చూసి, నీళ్లలో ముంచి, మళ్లీ కోసేవాడు.

ఇప్పుడర్థమైంది, ఉక్కు వేడెంత ఎక్కిందో తాకి చూసేవాడు! ఏమయ్యా, ఆ మాట నోటితో చెప్పిపోతే అరిగిపోయేవాడివా?

జూన్ 17

గ్రైండర్‌కి కటింగ్ వీల్ పెట్టించాను. స్విచ్ వేసి, వెంటనే ఆపేశాను. ఇవాళ వద్దు.

జూన్ 18

మిగిలింది ఈ ఒక్క ముక్కే. మొదట కసికొద్దీ నొక్కాను. అంచున నీలం రంగెక్కింది, అక్కడ ఉక్కు కాలినట్టే. ఛీ, నాకూ పెంచలకృష్ణకీ తేడా ఏముంది! నయం, అది పారేసే వైపు. ఆ తర్వాత కొంచెం కోయడం, ఆపడం, వేలితో తాకడం, నీళ్లలో ముంచడం. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం రెండయింది. రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. కత్తి వైపు ఉక్కు కాలలేదు.

జూన్ 20

తొమ్మిది కిలోల వంజరం. నా చేత్తో చేసిన కత్తికి తల ఒక్క దెబ్బకి తెగింది.

నువ్వు లేవు గదా. నేనుండా.