నాలుగింటి తర్వాత

జనవరి 6, 1987, మంగళవారం

డాక్టరు తేదీ ఇచ్చేశాడు. మార్చి పదిహేడున ఎడమ తుంటి మారుస్తారట. పది రోజులు ఆసుపత్రిలో ఉండాలి. అక్కడిచ్చే దుప్పటి మాత్రం కప్పుకోను. నాలుగేళ్ళ క్రితం మా ఆయన హార్లన్ ఆ దుప్పటి కిందే పోయాడు. పల్చగా, బ్లీచ్ వాసనతో. నా బొంత నేను పట్టుకెళ్తాను.

పెట్టె అడుగు నుంచి తీశాను. పెళ్ళయిన కొత్తలో, 1951లో మొదలుపెట్టిన అతుకుల బొంత. కోళ్ళ దాణా సంచుల పూలగుడ్డ, అమ్మ ఏప్రన్, ముళ్ళకంచెకి చిరిగిన హార్లన్ నీలిగీతల చొక్కా, ఏది దొరికితే అది. ముక్కలన్నీ నేనే అతికాను. దూది పరిచి చర్చి బేస్‌మెంట్లో చట్రానికి ఎక్కించాక, ప్రతి గురువారం కలిసే ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని మూడో వంతు కుట్టాం. ఇంతలో రిగ్‌డన్ వాళ్ళ ఇల్లు కాలిపోయింది. వాళ్ళకి అర్జంటుగా బొంతలు కావాలని నాది దింపేశారు. మళ్ళీ ఎవరూ ఎక్కించలేదు. నేనూ అడగలేదు. అలా ముప్పై ఆరేళ్ళు గడిచాయి.

జనవరి 7, పొద్దున పది

కొత్త కళ్ళజోడు పెట్టుకుని కిటికీ దగ్గర పరిచాను. ఏదో తేడాగా ఉంది.

నా కుట్లు అంగుళానికి ఆరు పడతాయి. ఊరందరికీ తెలుసు. ఓలీటా వాటికి గోరుపట్టే కుట్లని పేరు పెట్టింది. పడుకున్నప్పుడు కాలిగోరు వెళ్ళి వాటిలో తగులుకుంటుందట. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. ఓలీటా హార్లన్‌కి అక్క. ఆమెకి అంగుళానికి పన్నెండు పడతాయి.

చట్రం దగ్గర ఎడమపక్క కిటికీ వైపు సీటు నాది. పెళ్ళయి వచ్చిన మొదటి గురువారం నుంచీ అదే. కాబట్టి బొంతలో ఎడమవైపంతా నేను కుట్టిందే. టేపు పెట్టి కొలిచాను.

పన్నెండు.

జనవరి 7, మధ్యాహ్నం

మళ్ళీ కొలిచాను. ప్రతి వరసలోనూ చిన్న కుట్ల పక్కనే పాత సూది రంధ్రాలున్నాయి. బొంత ఎప్పుడూ ఉతకలేదు కాబట్టి అవి పూడుకుపోలేదు. రంధ్రాలు అంగుళానికి ఆరు. కింద మూల జానెడు మేర మాత్రం నా కుట్లే మిగిలాయి. దింపేసిన రోజు ఆవిడకి టైము చాల్లేదు కాబోలు.

నా కుట్లు పీకేసి, తను కుట్టుకుంది.

జనవరి 8, గురువారం, పొద్దున

వెళ్తాను. బొంత సంచిలో పెట్టాను. ప్రతి గురువారం పట్టుకెళ్ళే గూస్‌బెర్రీ పళ్ళ పై మాత్రం చెయ్యలేదు.

జనవరి 8, సాయంత్రం

వరసగా రాయాలి.

వెళ్ళేసరికి అందరూ చట్రం చుట్టూ ఉన్నారు. ఓలీటా తన కుర్చీలో ఉంది. రెండేళ్ళుగా ఆవిడ సూది పట్టదు, కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని అందరి మీదా పెత్తనం చేస్తుంది. బొంత బల్ల మీద పరిచి, ఎడమవైపు ఎవరు కుట్టారని అడిగాను.

ట్వైలా నోరు జారింది. మా అందరిలోకీ చిన్నది, నలభై ఏళ్ళుంటాయి. అయ్యో ఆర్డిత్ గారూ, మీకు తెలుసనుకున్నానండీ, అంది. ఏం తెలుసన్నాను. నాలుగింటికి మీరు వెళ్ళిపోయాక మీ వైపు విప్పి మళ్ళీ కుడతాం కదండీ, అంది. మొదట్నుంచీ ఓలీటా కుట్టేదట. రెండేళ్ళ కింద ఆ డ్యూటీ ట్వైలాకి అప్పగించిందట. డ్యూటీ!

మరి నాకెందుకు తెలియలేదంటే, కుట్టినంత మేర చుట్టేస్తారు. వచ్చే గురువారానికి నా వరసలు కర్రకి చుట్టుకుని లోపలికి పోయేవి. పూర్తయిన బొంత ఎవరికో ఒకరికి వెళ్ళిపోయేది. పాస్టర్లకి, మిషనరీలకి, ఇళ్ళు కాలినవాళ్ళకి, బడి ముగించిన పిల్లలకి ఎన్నిచ్చాం! ఒక్కదాంట్లోనూ నా కుట్టు లేదు.

ఓలీటా కప్పు దించలేదు. ఇప్పుడేమయింది పిల్లా, అంది. అరవై ఏళ్ళ నన్ను ఇంకా పిల్లా అంటుంది. చర్చి పేరుతో బయటికెళ్ళే బొంతలవి, పాపం మిషనరీ అమ్మ కాలిగోరు ఊడి రావాలా ఏంటి, అంది. ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఎవరో నేను చూశాను. ముఖం మీద చెప్పొచ్చుగా అన్నాను. చెబితే మానేసేదానివి, నువ్వు మానేస్తే గూస్‌బెర్రీ పై ఎవరు తెస్తారు, అంది.

అదీ సంగతి. ముప్పై ఆరేళ్ళు నన్ను పై కోసం కూర్చోబెట్టుకున్నారు.

జనవరి 10

ట్వైలా ఫోన్ చేసి ఏడ్చింది. ఏడ్చి ఊరుకుంటే బాగుండేది. హార్లన్ గారు కూడా మీరు బాధపడకూడదనే అనేవారండీ, అంది.

గురువారం నాలుగయ్యేసరికి హార్లన్ ట్రక్కు వచ్చి బయట రెండుసార్లు హారన్ కొట్టేది. ఆకలికి ఆగలేడు పాపం అని సూది అక్కడే వదిలేసి పరిగెత్తేదాన్ని. ఆయన పోయాక కూడా అలవాటుకొద్దీ నాలుగింటికే లేచేదాన్ని. నాలుగింటికే రమ్మని చెప్పింది ఓలీటాయేనట.

హార్లన్ ఫోటో గోడవైపు తిప్పాను.

జనవరి 12

ముందుగదిలో చట్రం నిలబెట్టాను. నాలుగు చెక్కలు, నాలుగు బిగింపులు, నాలుగు కుర్చీల వీపులు. నలుగురు పట్టాల్సిన పని. ఒక్కదాన్నే చేశాను. తుంటి గోల పెట్టింది. పెట్టనీ.

జనవరి 15, గురువారం

వెళ్ళలేదు. పై చేసి సగం నేనే తిన్నాను.

జనవరి 20

ఓలీటా కుట్లు పీకుతున్నాను. చిన్న కత్తెర, సూది మొన. ఒక్కో వరసకి గంటన్నర పడుతోంది. అందంగానే కుట్టింది, కాదనను. అచ్చు మిషన్ మీద కుట్టినట్టు. అందుకే ఇంకా మండుతోంది. అంత అందం నా ఇంట్లో, నా బొంతలో, నన్నడక్కుండా!

జనవరి 27

మొత్తం పీకేశాను. పీకిన దారం అంతా కలిపితే గుప్పెడుంది. పొయ్యిలో వేశాను.

ఫిబ్రవరి 3

కుడుతున్నాను. అంగుళానికి ఆరు. కావాలని కాదు, నాకు పడేవి అవే.

పాస్టరు ఫోన్ చేశాడు. క్షమించడం గురించి చాలాసేపు చెప్పాడు. మీ మంచం మీద బొంత తిరగేసి చూడండి, నా కుట్టు ఒక్కటి కనబడితే అందర్నీ క్షమిస్తానన్నాను. చూసి చెప్తానన్నాడు. మళ్ళీ ఫోన్ లేదు.

ఫిబ్రవరి 19

సగం కూడా కాలేదు. ఇరవై ఆరు రోజులే ఉన్నాయి. గంట కూర్చుంటే తుంటి పట్టేసి లేవలేకపోతున్నాను. ఈ లెక్కన పూర్తి కాదు. కాకపోతే ఆ బ్లీచ్ దుప్పటే గతి. వాళ్ళంతా చూడ్డానికి వచ్చి, పాపం బొంత అవలేదా అంటారు. ఆ పాపం నేను వినలేను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఓలీటా వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకి. ట్వైలా కార్లో దింపి వెళ్ళింది. తలుపు కొట్టడం ఆ ఇంటావంటా లేదు, నేరుగా లోపలికొచ్చి చట్రం ముందు నిలబడింది. ఎడమవైపు చూసింది. తన కుట్ల రంధ్రాల మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది.

మొత్తం పీకేశావా, అంది. పీకేశానన్నాను. తర్వాత, నీ కుట్లు మాత్రం మారలేదు పిల్లా, అవే గోరుపట్టేవి, అని కుడివైపు కుర్చీ లాక్కుంది. సంచిలోంచి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే అంగుస్తానా తీసి వేలికి తొడుక్కుంది. నిన్నెవరు పిలిచారన్నాను. నా తమ్ముడి చొక్కా ఉంది ఇందులో, నీ ఒక్కదాని సొమ్మనుకున్నావా, అంది.

సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. చెయ్యి కుదురుగా ఉండటం లేదు. నాలుగుసార్లు చూసి, సూది లాక్కుని నేనే ఎక్కించి ఇచ్చాను. కుట్టింది. అంగుళానికి నాలుగు, అదీ వంకరటింకర. కప్పు రెండు చేతులా ఎందుకు పట్టుకుంటోందో అప్పుడు తెలిసింది. రెండేళ్ళుగా ఒక్క ముక్క చెప్పలేదు. నాకు జాలి వెయ్యలేదు, ఇంకా కోపమొచ్చింది.

తల ఎత్తకుండానే చెప్పింది. రెండేళ్ళ కింద ఒక గురువారం గొడుగు మర్చిపోయి వెనక్కి వెళ్ళిందట. ట్వైలా తన సీట్లో కూర్చుని తన కుట్లు పీకుతోందట. చూసి చప్పుడు చెయ్యకుండా వచ్చేసిందట. మర్నాటి నుంచీ సూది పట్టలేదు.

ఎలా అనిపించిందని అడిగాను.

చండాలంగా ఉండింది, అంది.

నాకు తెలుసన్నాను.

నాలుగయింది. బయట ట్వైలా రెండుసార్లు హారన్ కొట్టింది. ఓలీటా కదల్లేదు. మళ్ళీ కొట్టింది. వెళ్ళవా అన్నాను. వెళ్ళను, నేను గడప దాటగానే పీకేస్తావు, అంది. అబద్ధం ఎందుకు, అవునన్నాను. అయితే ఇక్కడే ఉంటాను, బీన్స్ ఉంటే పెట్టు, అంది. ట్వైలాని పంపించేసి బీన్స్, కార్న్‌బ్రెడ్ పెట్టాను. అయిదయింది. ఆరయింది. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు, నేనూ లేవలేదు. చివరికి హార్లన్ మీద ఒట్టు పెట్టమంది. ఫోటో కోసం చూసి, వాణ్ణెందుకు గోడకి తిప్పావు, హారన్ కొట్టడం తప్ప వాడికేం తెలుసు, అని సరిగ్గా పెట్టింది. ఒట్టు వేశాను. ట్వైలాకి ఫోన్ చేసి పిలిపించాను.

అదే రోజు, ఏడు

వెళ్ళింది. కత్తెర డ్రాయర్లో పెట్టాను. మళ్ళీ తీశాను.

ఒక్క కుట్టు పీకాను. ఒట్టు తప్పింది. వెంటనే మళ్ళీ అలాగే కుట్టేద్దామని చూశాను. ఆ వంకర నా చేతికి రాలేదు. ఎంత చేసినా నాదే పడింది. అలాగే వదిలేశాను.

మార్చి 2

రోజూ వస్తోంది. ఇవాళ ఆ కుట్టు కనిపెట్టేసింది. ఈ ఒక్కటీ నీదే కదా, అంది. నాలుగింటిదాకా కుడుతూనే ఉంది. ఆ తర్వాత కూడా నా పైలో చక్కెర ఎక్కువని మాత్రమే చెప్పింది.

మార్చి 14

అంచు కట్టడం అయిపోయింది. బొంత పూర్తయింది. ఎడమవైపు నావి, కుడివైపు ఆవిడవి. ట్వైలా చూడ్డానికి వచ్చింది. అందంగా ఉందండీ అని అంటూనే కుట్ల మీంచి కళ్ళు తిప్పుకుంది. నేనూ ఓలీటా ఒకేసారి ట్వైలా వైపు చూశాం. పాపం ఆ పిల్ల కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

నేను క్షమించలేదు. ఈ ముక్క ఇక్కడ రాసి ఉండాలి.

మార్చి 21, ఆసుపత్రి

పొద్దున కాలిగోరు బొంతకి తగులుకుంది. తుంటి వంగనివ్వదు, నర్సుని చూడమన్నాను. కుడివైపు. ఓలీటా కుట్టు. నర్సు కత్తెర తెచ్చింది. గోరు కత్తిరించు, కుట్టు జోలికెళ్ళకు అన్నాను.