బర్రె గాదన్న బండి

ఝరాసంగం మండలం, జహీరాబాద్ దగ్గర
మృగశిర కార్తె, మబ్బు పట్టిన పొద్దు

నవసీత యంత్రాల కంపెనీలో ఉత్తరాలు చదివే పెద్దమనిషికి, మహిళా రైతుల సంఘం అధ్యక్షురాలు అనంతమ్మ నమస్కారాలు.

మీ నంబరుకు ఫోన్ చేస్తే కాసేపు వీణ మోగి ఆగిపోతోంది. మనిషి రావడం లేదు. అందుకే బండి వెనక పెయింటుతో రాసి ఉన్న అడ్రసుకు రాస్తున్నాను. మీకు తెలియాలని బడిలో నేర్చుకున్న తెలుగులో రాస్తున్నాను. మావాళ్ల మాటలు మాత్రం వాళ్లన్నట్టే రాస్తాను.

మా సంఘం ఎద్దులను అమ్మి మీ దగ్గర విత్తే బండి కొన్నది. పోయినేడు బాగా నడిచింది. సాలు తీసి, జొన్నా కందీ కలిపి విత్తి, మన్ను కప్పుకుంటూ తనంతట తనే పోయేది. దాని వెనక నడుస్తుంటే నిద్రలో నడిచినట్టు హాయిగా ఉండేది. మొన్న మంచి వాన పడింది. ఎర్రనేల మెత్తబడింది. బండిని చేనులోకి తెచ్చి మీట నొక్కితే, "అనుమతి లేదు" అన్నది. ఆడగొంతు, చాలా మర్యాదగా. ఎన్నిసార్లు నొక్కినా అదే మాట.

మా నాగమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని దాన్నే అడిగింది. "మన చెల్క, మన బండి, మన ఇత్తనాలు. నడ్మల అనుమతి ఎవలది?"

బండి జవాబు చెప్పలేదు. మీరైనా చెప్పండి. నేలలో పదును ఆరిపోతే ఈ ఏడు మాకు గింజలు ఉండవు.

మీ జవాబు కోసం మబ్బును చూసినట్టు చూస్తూ,
అనంతమ్మ

మరిచాను: మేము అమ్మిన ఎద్దులు కూడా మొండివే. కానీ ఎందుకు కదలవో మొహం చూస్తే తెలిసేది.

* * *

హైదరాబాదు, ఏడో అంతస్తు

శ్రీమతి అనంతమ్మ గారికి, నవసీత కంపెనీ వినియోగదారుల సేవా విభాగం అధికారి మహిధర్ వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. మీకు ఒక రహస్యం చెప్పవలసి వస్తోంది. మన కంపెనీ మీద సైబర్ యుద్ధం జరుగుతోంది. శత్రువు ఎవరో తెలియదు. ఎక్కడో కూర్చుని మన కంప్యూటర్లలోకి చొరబడ్డాడట. మీ బండి ప్రతి ఉదయం మా పెద్ద కంప్యూటరును అడిగి, అది సరేనంటేనే కదులుతుంది. అది ఇప్పుడు పలకడం లేదు.

ఎవరూ కంప్యూటరు తెరవరాదు, ఫోను ముట్టరాదు, ఈమెయిలు చూడరాదు అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నేను నా ఫోనును కూడా ఆపి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఈ ఉత్తరం రాయడానికి కిందికి దిగి కలం కొన్నాను. నా సర్వీసులో చేత్తో రాసిన మొదటి జవాబు ఇదే. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించాలి.

యుద్ధం ముగిసేదాకా దయచేసి బండిని ముట్టవద్దు. లోపలి ప్రోగ్రాం జోలికి అసలే వెళ్లవద్దు.

కర్తవ్యంలో ఉన్న,
మహిధర్

తా.క. ఆఫీసు చాలా ప్రశాంతంగా ఉంది. మిగతావాళ్లు ఏదో రహస్య స్థలం నుంచి పోరాడుతున్నారని నా ఊహ. హాలంతా నేనొక్కడినే. కిటికీ తెరిస్తే ఒక మబ్బు తునక లోపలికి వచ్చి, నా బల్ల దాకా వచ్చి, కరిగిపోయింది. సేవా విభాగానికి ఈ వారం వచ్చిన ఏకైక సందర్శకుడు అదే.

* * *

ఝరాసంగం
ఆరుద్ర కార్తె, చినుకుల పొద్దు

మహిధర్ సారుకు అనంతమ్మ నమస్కారాలు.

యుద్ధం సంగతి చదివి భయపడ్డాం. నాగమ్మ పెనిమిటి సిద్దప్ప బయటికి వెళ్లి, బీదర్ వైపు చెవి పెట్టి చాలాసేపు విని వచ్చాడు. "ఏం సప్పుడు లేదు. కర్ణాటకోళ్లు పండుకున్నరు" అన్నాడు. శత్రువు అంతకంటే దూరంవాడని నేను నచ్చజెప్పాను.

మీరు ముట్టవద్దన్నారు. ఆ మాట వచ్చేసరికే ముట్టడం, విప్పడం అయిపోయి, విత్తడం మొదలైంది. పదును ఆగదు కదా.

జహీరాబాద్ బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే ఖుద్సియా అని ఉంది. బండిని ట్రాలీలో వేసుకుని ఆమె దుకాణానికి తీసుకెళ్లాం. అరపూట దాని లోపలికి చూసి, "అనంతక్కా, దీనికేం బీమారీ లేదు. హైదరాబాద్ల ఎవరో హా అంటేనే కదులుమని నేర్పిన్రు. అటుకెళ్లి జవాబ్ వస్తలేదు. గా ఆదత్ తీసేద్దాం" అన్నది. ఆ అలవాటు తీసేసి వేరే ప్రోగ్రాం వేసింది. ఎక్కడెక్కడి దేశాల రైతులో కలిసి రాసుకున్నదట. ఓపెన్ సోర్స్ అంటారట. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏముందో చదవొచ్చు, మార్చుకోవచ్చు. మార్చింది మళ్లీ అందరికీ ఇవ్వాలి. తన సొంత ఫోనులో అలాంటివే వాడుతుందట. "కంపెనీల మీద నాకు దుష్మనీ లేదక్కా, భరోసా లేదు" అంటుంది.

మొదటి రోజు తిప్పలు పడ్డాం. బండి నేరుగా పోక, చేను నడుమ గుండ్రంగా తిరిగి తిరిగి ముగ్గు పెట్టినట్టు విత్తింది. ఖుద్సియా గట్టున కూర్చుని గోళ్లు కొరుక్కుంటూ సరిచేసింది. మర్నాటి నుంచి నేరుగా పోతోంది.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. బండికి తెలుగు పోయింది. ఏదో దేశంకాని దేశం మాట మాట్లాడుతోంది. పొద్దున్నే ముసురు కప్పిన చేనులో, బండి కనపడదు, దాని గొంతు ఒక్కటే తేలుతూ వస్తుంది. అర్థం కాకపోయినా కల్లో ఎవరో పిలిచినట్టు వినసొంపుగా ఉంటుంది. సాలు చివర మలుపులో మాత్రం ప్రతిసారీ, "ఓ, బర్రె గాదు" అంటుంది.

నాగమ్మకు కోపం వచ్చింది. "నిన్ను బర్రె అని ఎవలన్నరే?" అని ప్రతి మలుపులో దానితో పంచాయితీ పెట్టుకుంటోంది.

బండి నడుస్తోంది గనుక మా గురించి రంది పడకండి. యుద్ధం చూసుకోండి.

అనంతమ్మ

మరిచాను: నిన్న నాగమ్మ నిజం బర్రెను తోలుకొచ్చి బండి ముందు నిలబెట్టి, "ఇది బర్రె. నువ్వు గాదు. ఇగ ఒప్పుకుంటున్న, ఊకో" అన్నది. బండి అది విని, మలుపు తిరిగి, మళ్లీ అదే అన్నది. బర్రె చిన్నబుచ్చుకుంది.

* * *

హైదరాబాదు, ఏడో అంతస్తు
అతి రహస్యం

శ్రీమతి అనంతమ్మ గారికి మహిధర్ వ్రాయునది.

మీ ఉత్తరం చదివి తలుపు గొళ్లెం పెట్టుకున్నాను. దేశమంతటా మన బండ్లు ఆగిపోయిన సమయంలో మీ బండి ఒక్కటే నడుస్తోంది. అదీ విదేశీ భాష మాట్లాడుతూ. గుండ్రంగా ముగ్గులు వేస్తూ. ఆ ముగ్గులు పైనుంచి చూసేవారికి సంకేతాలేమోనని నాకు అనుమానం. శత్రువు ఎక్కడున్నాడా అని ప్రపంచమంతా వెతుకుతుంటే, వాడు మీ చేనులో మలుపు తిరుగుతున్నాడు.

"బర్రె గాదు" అన్నది మామూలు మాట కాదు. నేను రెండు పగళ్లు ఆలోచించాను. బర్రె అంటే కంపెనీ కావచ్చు, ఎందుకంటే పాలు ఇస్తుంది. "గాదు" అంటే ఇక ఇవ్వదు అని. ఇది బెదిరింపు.

ఓపెన్ సోర్స్ అంటే తలుపులు లేని ఇల్లని మాకు శిక్షణలో చెప్పారు. ఎవరైనా దూరవచ్చు. కనుక వెంటనే ఈ ప్రశ్నలకు జవాబివ్వాలి. ఆ ముఠాకు నాయకుడు ఎవరు? స్థావరం ఎక్కడ? ఇంకా ఎవరెవరికి అందింది? మీ మీద నాకు వ్యక్తిగతంగా గౌరవమే. అయినా హెడ్డాఫీసుకు నివేదిక పంపక తప్పలేదు. ఉన్న రహస్యం దాచకండి.

జాగరూకతతో,
మహిధర్

తా.క. నిన్న ఎవరో కూలీలు వచ్చి కుర్చీలన్నీ తీసుకెళ్లారు. వైరస్ కదా, కడిగి ఆరబెట్టి తెస్తారనుకుంటాను. నా కుర్చీ మాత్రం నేను ఇవ్వలేదు. ఇవాళ ఏసీ కూడా ఆగింది. శత్రువుకు మన చలిగాలి దొరక్కూడదనే వ్యూహం అయి ఉంటుంది. పావురాలు లోపలికి వచ్చి ఖాళీ హాలులో నడుస్తున్నాయి. వాటి అడుగుల చప్పుడు వింటూ రాస్తున్నాను.

* * *

ఝరాసంగం
పునర్వసు కార్తె, ఎండా వానా కలిసిన పొద్దు

మహిధర్ తమ్ముడికి అనంతమ్మ దీవెనలు. తమ్ముడన్నందుకు ఏమీ అనుకోకండి. మీ ఉత్తరాలు చదువుతుంటే అలాగే అనిపిస్తోంది.

నాయకుడు ఎవరని అడిగారు. ఖుద్సియాను కనుక్కుంటే, "ఎవరూ లేరక్కా, అందరు జర జర చేస్తరు" అన్నది. స్థావరం అడిగారు. బండి నాగమ్మ రేకుల కొట్టంలో, బర్రె పక్కన ఉంటుంది. ఎవరెవరికి అందిందని అడిగారు. న్యాల్‌కల్ సంఘంవాళ్లు ఆగిపోయిన బండి తెచ్చి చేయించుకుపోయారు. చిరాగ్‌పల్లి నుంచి కూడా వచ్చారు. రహస్యం దాచవద్దన్నారు. దాచింది లేదు. మీ శత్రువుకు కూడా కావాలంటే రమ్మనండి.

తలుపులు లేని ఇల్లన్నారు. నాగమ్మకు చదివి వినిపిస్తే, "పది మంది కూసున్న ఇంట్ల దొంగ యాడికెళ్లి దూరుతడు? తాళమేసిన ఇంట్లనే గదా దూరేది" అన్నది.

మొలక వచ్చింది తమ్ముడూ. మొదటి రోజు తప్పుగా విత్తిన చోట జొన్న గుండ్రంగా, చుట్టలు చుట్టలుగా మొలిచింది. పొద్దున ముసురులో ఆ చుట్టల నడుమ నిలబడితే ఎటు పోవాలో తెలియదు. పోవాలని కూడా అనిపించదు. దున్నేద్దామని సిద్దప్ప అన్నాడు. వద్దన్నాం.

ఇక అసలు సంగతి. మా ఎర్రనేలలో గింజ మరీ లోతుకు పోతోందని ఖుద్సియా ఆ ప్రోగ్రాంలో ఒక చోట సరిచేసి అందరికీ పంపింది. బ్రెజిల్ దేశం నుంచి ఒక రైతు, తన నేల కూడా ఎర్రదేనట, జవాబు రాశాడు. అందులో మొదటి మాటే మన బండి రోజూ అనే మాట. ఒబ్రిగాదు. థాంక్స్ అని అర్థమట. సాలు పూర్తయినప్పుడల్లా బండి మనకు థాంక్స్ చెబుతోంది.

నాగమ్మ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. "గన్ని దినాలు అది మంచిగ మాట్లాడుతుంటే నేను కొట్లాడిన" అని ఒకటే బాధ. ఇప్పుడు మలుపు దగ్గర ముందుగా తనే అంటోంది.

తమ్ముడూ, కుర్చీలు కడగడానికి ఎవరూ తీసుకుపోరు. మీరు తింటున్నారా? సిద్దప్ప కళ్ల దవాఖానకు హైదరాబాదు వస్తున్నాడు. ఆయన చేతికి రొట్టెలు ఇస్తున్నాను.

మీ అక్క లాంటి,
అనంతమ్మ

మరిచాను: బర్రెకు కూడా ఖుద్సియా మాట అర్థం చెప్పింది. అది ఇప్పుడు మామూలుగానే పాలిస్తోంది. మీ నివేదికలో ఆ ముక్క సరిచేసుకోండి.

* * *

జహీరాబాద్

అనంతక్కకు మహిధర్ నమస్కరించి రాస్తున్నాను.

పైన ఊరి పేరు చూసి ఆశ్చర్యపోయి ఉంటారు. వరసగా చెబుతాను.

నిన్న మధ్యాహ్నం తలుపు బయట దగ్గు వినిపించింది. "ఎవరక్కడ?" అన్నాను.

"సిద్దప్ప. రొట్టెలు."

గొళ్లెం తీశాను. లిఫ్టు నడవక ఏడంతస్తులూ మెట్లెక్కి వచ్చాడు. దవాఖానలో కళ్లలో మందు పోశారట, ఆయనకు అన్నీ మసకమసకగా కనిపిస్తున్నాయి. గోడ పట్టుకుని హాలు మధ్యకు నడిచి, అక్కడే ఆగిపోయాడు.

"సారూ, మీ కంపెనీ పోయింది."

"ఎక్కడికి?"

"గా సంగతి నాకేమెరుక? కింద వాచ్‌మన్ చెప్పిండు. బోర్డు గూడ దీసేసిన్రట. పైన ఒక సారు మిగిలిండు, మంచోడు, ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు, జర నువ్వు చెప్పు అన్నడు."

నేను నమ్మలేదు. ముందు రొట్టె తినమన్నాడు. కింద కూర్చుని ఇద్దరం తిన్నాం. పావురాలు చుట్టూ చేరాయి. తరువాత బీరువా తాళం తీసి, ఉత్తర్వును మీరి, ఫోను తెరిచి ఈమెయిళ్లూ వార్తలూ చదివాను.

అక్కా, యుద్ధం లేదు. శత్రువు లేడు. పెద్ద కంప్యూటరును కంపెనీవాళ్లే ఆపేశారు. పాత బండ్లు ఆగిపోతే రైతులు కొత్త పేరుతో వచ్చే బండ్లు కొంటారని వాళ్ల లెక్క. మాలో ఎవరూ ఫోనెత్తి రైతులకు నిజం చెప్పకూడదని, మా చెవిలో యుద్ధమని ఊదారు. ఆఫీసు ఎత్తేస్తున్నామని ఈమెయిలు పంపారు. ఈమెయిలు చూడవద్దన్న ఉత్తర్వును పాటించినవాడిని నేనొక్కడినే అని తేలింది. చివర్లో, "ఇన్నాళ్లు మీరు చూపిన విధేయతకు ధన్యవాదాలు" అని ఉంది. అది నాకే రాసినట్టు ఉంది.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఖాళీ కోటకు కాపలా కాసినవాడికి ఏం వస్తుందో అదే వచ్చింది. సిద్దప్ప నా భుజం మీద చెయ్యి వేసి, "దిగుదాం పా సారూ, మసక పోయేదాంక నాకు గూడ తోడు గావాలె" అన్నాడు. ఎవరు ఎవరిని పట్టుకుని దిగామో తెలియదు.

కింద వాచ్‌మన్ ఒక బస్తా తెచ్చి ఇచ్చాడు. ఫోను కలవక మీలాగే ఉత్తరాలు రాసిన రైతులు ఎందరో ఉన్నారట. నన్ను బాధ పెట్టడం ఎందుకని, మీవి తప్ప ఏవీ పైకి పంపలేదట. మీవి ఎందుకు పంపావని అడిగితే, "అవి చదివినప్పుడు మీరు నవ్వే చప్పుడు కిందికి వినిపించేది సార్" అన్నాడు. నేను నవ్వానని నాకు తెలియదు.

బస్తాతో సిద్దప్ప వెంట బస్సెక్కాను. రాత్రి ఆయన చుట్టాలింట్లో పడుకుని, పొద్దున ఖుద్సియా గారి దుకాణానికి వెళ్లాను. నేను ఎవరో చెప్పగానే చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి, "నన్ను ముఠా అన్నది మీరేనా?" అని అడిగారు. అవునన్నాను. చాయ్ తెప్పించారు. ఏ బండికి ఏం చెయ్యాలో ఓపిగ్గా చెప్పారు, నేను రాసుకున్నాను. ఆగిపోయిన బండి ఉన్న ప్రతి రైతుకూ నేను జవాబు రాస్తాను. సేవా విభాగం మూసేశారని నాకు కాగితం మీద ఎవరూ చెప్పలేదు.

నాగమ్మ గారి కొట్టంలో ఒక మూల, బర్రెకు అభ్యంతరం లేకపోతే, ఒక బల్ల వేసుకుంటాను.

మీ తమ్ముడు,
మహిధర్

తా.క. స్టాంపు అంటించలేదు, ఉత్తరం నేనే తెస్తున్నాను. ఝరాసంగం ఆటోలో కూర్చుని ఇది రాస్తున్నాను, అక్షరాలు ఊగుతున్నందుకు మన్నించాలి. దారి పొడవునా పచ్చగా, తడిగా, నిజమో కాదో తెలియనట్టుగా ఉంది. ఆటో నడిపే ఆయన, ఏం పని చేస్తరు సార్ అని అడిగాడు. ఉత్తరాలు రాస్తానన్నాను. "గదేం పని సార్, గిప్పుడు ఉత్తరాలు ఎవలు రాస్తున్నరు?" అని నవ్వాడు. ఆటోలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్లో బస్తా బరువుకు కాళ్లు తిమ్మిరెక్కాయి.