లేచిన నేల, కుంగే నేల

అలాఫాన్, సిములువె దీవి
ఆగస్టు 9, 2006

ప్రియమైన నాన్నకి, రుస్విత సలాములు. నానమ్మ, లస్మాన్ బాబాయి, నేను కులాసా. మెలాబోలో నీ వడ్రంగం పని ఎలా ఉందో, నడుం నొప్పి తగ్గిందో లేదో రాయి.

ఈ పొద్దున నేను ఒక రాయిని చదివాను నాన్నా.

భూకంపానికి పైకి లేచిన మన పగడపు దిబ్బని చీటీలేసి పంచుతున్నారని, నీ బదులు నన్ను చీటీ తియ్యమని రాశావు. అక్కడ కట్టే కొత్త ఇంటి గుమ్మంలో కూర్చుంటే పడవ కనబడాలన్నావు. చీటీల సంగతి చివర రాస్తాను, ముందు ఇది విను.

సరిగ్గా ఆ దిబ్బ మీదే మా మాస్టారు జుల్ఫాన్ గారు బల్లంత పగడాన్ని రంపంతో నిలువునా కోయించారు. లోపల చెట్టు మానులోలా ఏడాదికొక వలయం. వలయం అన్న మాటని రోజంతా నోట్లో చప్పరిస్తూనే ఉన్నాను. పగడం నీటిమట్టం దాకే పెరుగుతుంది. పైకొస్తే ఎండకి చస్తుంది. ఇదేమో ఏటా అంచు పెంచుకుంటూ పళ్ళెంలా ఉన్నది గిన్నెలా అయింది. ఎందుకని మాస్టారు అడిగితే, దాని కింద నేల కుంగుతూ వచ్చింది గనక అన్నాను. ఆయన రంపం ఆపించి, మళ్ళీ చెప్పమన్నారు. ఈసారి అందరికీ వినబడేలా చెప్పాను.

ఏడాదికి వేలి మందం కుంగిందట. భూకంపం ఒక్కసారిగా పైకెత్తింది. ఇక మళ్ళీ కుంగడమే.

బాబాయికి చెబితే, “ఎండిన నేల మునుగుతుందంటావేంటే, రాయి నీ చెవిలో ఊదిందా?” అని నవ్వాడు. నానమ్మ నా చేతిలో మేమెక్ పాయసం గిన్నె పెడుతూ, “వాడంతే, రాయి చెప్పినా వినడు, పెళ్ళాం చెప్పినా వినడు” అంది. నీ కాలానికి భయం లేదు బాబాయ్. నా పిల్లలకి పెద్దపోటు రోజున గుమ్మం తడుస్తుంది, వాళ్ళ పిల్లలు వంటింట్లో చేపలు పట్టుకోవాలి అన్నాను. అప్పటికి నేనుంటానా అన్నాడు బాబాయి.

కలప కొను, కానీ దానికోసం కొండవాలున ఉన్న మన లవంగతోటని మాత్రం అమ్మకు నాన్నా. ఇల్లు అక్కడ కడదాం.

నీ కూతురు,
రుస్విత

తా.క.: చీటీలు ఈ మధ్యాహ్నమే తీశారు. నీ పేరున రేవు పక్క స్థలమే వచ్చింది, నువ్వు కోరుకున్నదే. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చీటీ ఊరిపెద్ద చేతిలో పెట్టి మాకొద్దన్నాను. బాబాయి నాతో మాట్లాడటం లేదు. నువ్వు తిట్టాలనుకుంటే ఉత్తరం నిండా తిట్టు, చదువుతాను. రేపు పొద్దున్నే నేనూ నానమ్మా గునపం తీసుకుని తోటకి వెళ్తున్నాం, గుమ్మం ఎటు పెడితే పడవ కనబడుతుందో చూసి గుంజలు పాతడానికి.