రుమాలు వేసిన సీటు

ఇల్లందు, బుధవారం రాత్రి

మనుషులు ఏం చేస్తారో చూడాలని, మా బిజినెస్ స్కూల్ పరిశోధన కోసం ఈరోజు కొత్తగూడెం బస్సులో ఎవరో కిటికీలోంచి చేతిరుమాలు వేసి ఆపుకున్న సీటులో కావాలనే కూర్చున్నాను. ఆ మనిషి ఇంకా ఎక్కనే లేదు, బస్సంతా అతని తరఫున నా మీద లేచింది. "గా దస్తీ కనిపిస్తలేదా ఏంది?" అని ఒక పెద్దమ్మ అరిచింది. అయినా నేను లేవలేదు.

అతను ఎక్కాడు. నా వయసే ఉంటుంది. "పోనియ్ పెద్దమ్మా, కూసోనియ్," అన్నాడు నవ్వుతూ.

"గట్లయితే దస్తీ ఎందుకేసినవ్‌రా?" అని పెద్దమ్మ అతన్నే తగులుకుంది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. టేకులపల్లి దాకా నా పక్కనే నిలబడి కబుర్లు చెప్పాడు.

సీటు ఎందుకు వదులుకున్నారని అడగడమే నా పని. అది మరిచిపోయి పేరు అడిగాను. రేపు మా సార్ కారణం ఏమిటని అడుగుతారు. నా దగ్గర ఇర్ఫాన్ అనే పేరు ఒక్కటే ఉంది.