అక్కకు వేసిన వాల్వు

చిరంజీవి అభిజ్ఞకు ఆశీస్సులు.

మా అక్క నాగమణమ్మ నిన్న మాదన్నపేట మార్కెట్‌కు నడిచి వెళ్లి, తానే వంకాయలు ఏరుకుని వచ్చింది. ఎనభై ఒకటో ఏట, గుండె వాల్వు మార్చిన పన్నెండో రోజున! ఈ సంగతి ముందు నీకే తెలియాలి.

ముప్పై ఏళ్లు ఛాతీలు తెరిచి ఆపరేషన్లు చేసినవాణ్ణి. తొడలోని రక్తనాళం గుండా కొత్త వాల్వు పంపిస్తానని నువ్వంటే, నీ జూనియర్ల ముందే "ఛాతీ తెరవకుండా గుండె ఆపరేషన్ ఏంది?" అని అరిచాను. నువ్వు నొచ్చుకోలేదు. "తెరిస్తే పెద్దమ్మ తట్టుకోదు సార్. మీరు పక్కనుండి చూడుండ్రి" అన్నావు.

చూశాను. వాల్వు సరిగ్గా కుదరకపోతే చేయి ఆపి, వెనక్కి తీసి, మళ్లీ మొదలుపెట్టావు. అంత నిదానం నా చేతులు ఎన్నడూ ఎరగవు.

మర్నాడు అక్క, "తమ్మీ, ఇంకెప్పుడు కోస్తరు?" అని అడిగింది. "అయిపోయిందక్కా" అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

గురువారం నీకు ఇలాంటి కేసే ఉందట. నన్ను రానిస్తావా? ఆ జూనియర్ల ముందే నీకు క్షమాపణ చెప్పుకోవాలి. ఆ తర్వాత రక్తనాళంలో వాల్వుకు దారి చూపే ఆ సన్నని వైరును నువ్వు నడిపే తీరు నేర్చుకోవాలి. అరవై ఎనిమిదేళ్లవాడికి నేర్పడం కష్టమే, కాస్త ఓపిక పట్టమ్మా.

నీ పాత గురువు