నల్ల కురై

కన్నమ్మా,

మీ అన్న బాలు పోయి నాలుగు నెలలాయె. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా అని తెలిసేలోగానే వాడి పక్కచూపు పోయింది. ఉడుమలైపేట రోడ్డులో పక్కనుంచి వచ్చిన లారీ వాడికి కనబడలేదు.

ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలని డాక్టర్లంటే నేనూ కోయంబత్తూరు పోతిని. రక్తం చూసిన డాక్టరమ్మ, "అమ్మా, మీ జీన్‌లో ఒక కురై ఉంది" అనె. కురై అంటే లోపం గదా, నా లోపమే బిడ్డను తినిందని అక్కడే ఏడ్చేస్తిని.

"అయ్యో, ఇది నల్ల కురైమ్మా!" అని ఆమె నవ్వె. ఏడుపులో నాకు మన తెలుగు నల్లే వినబడె. తమిళంలో నల్ల అంటే మంచిదని కాసేపటికి గాని తోచలేదు. ఆ జీన్ చెడి పనిచేయనందుకే నా కంట్లో ఒత్తిడి పెరగలేదంట. వేలమందిలో ఒకరికే ఉంటుందంట. చెడిపోయింది కాపాడేది ఎక్కడన్నా చూసినావా?

"మరి నా బాలుకు ఎందుకు ఇవ్వలేదు నేను?" అంటిని.

"ఇచ్చేది మీ చేతిలో లేదమ్మా. ఒక బిడ్డకు వస్తుంది, ఒక బిడ్డకు రాదు" అనె.

నీకు వచ్చిందేమో తెలుసుకోవాలని మనసు కొట్టుకుంటా ఉంది. వచ్చినా రాకపోయినా ఏటేటా కళ్ళు చూపించుకోవాలంట. శుక్రవారం రా, కోయంబత్తూరు పోదాం. ఈ రక్తపరీక్షకు పస్తుండే పని లేదంట, కడుపునిండా తిని రా తల్లీ.

అమ్మ